దిండు కింది కప్ప

వింయె, టెలెమార్క్
అక్టోబరు 12

ఎల్బ్యోర్గ్‌కి,

"అమ్మ ఒప్పుకుంది" అని రాశావు. తప్పు. మీ అమ్మ ఒప్పుకోలేదు, గడువు ఇచ్చింది. ఒప్పుకోలుకీ గడువుకీ తేడా తెలియని వాళ్ళకి ముప్పైనాలుగేళ్ళ పంతులమ్మగిరీలో ఎన్ని సున్నాలు చుట్టానో నాకే గుర్తులేదు. నీకూ ఒకటి చుడుతున్నాను, మనవరాలివి కాబట్టి చిన్నది.

మీ అమ్మ తూరిడ్ నాతో అన్న మాట అన్నట్టే రాస్తున్నాను. "అమ్మా, బెర్గెన్‌లో పెద్దమ్మ వదిలిపోయిన ఇల్లు నిలువెల్లా కొయ్య. ఆ సందులో కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి వాళ్ళ ఉప్పుడబ్బా అందుతుంది. అలాంటి చోట చెవులు వినపడని పిల్ల ఒక్కతే పడుకుంటే నాకు నిద్రెక్కడ పడుతుంది? జనవరి ఏడు దాకా చూస్తాను. నిప్పొస్తే అది తనంతట తను లేచి బయటికి రాగలదని నాకు నమ్మకం కుదిరితే తాళంచెవి దాని చేతిలో పెడతాను. లేదా ఇల్లు అమ్మేస్తాను. అది నా ఎదురుగా ఉన్న ఫ్లాటులోకి వచ్చేస్తుంది." ఇదీ మాట. జనవరి ఏడు నీ పుట్టినరోజూ, పొయ్యి పండుగ రోజూను. మీరిద్దరూ నా ఇంటికే వస్తారు. తీర్పు నా పొయ్యి ముందే జరుగుతుంది.

ఆ ఫ్లాటు నేను చూశాను. సిమెంటు డబ్బా. దానికి నిప్పు అంటుకోదు, నిజమే. ఏదీ అంటుకోదు, సంతోషం కూడా.

నేను నీ పక్షమే. ఎనభై ఏళ్ళ దాన్ని, ఈ లోయలో కొయ్య ఇంట్లో ఒక్కదాన్నీ ఉండటంలేదూ? నన్ను ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే నాకు పిల్లి దగ్గినా వినిపిస్తుంది.

నీతో పంపిన మీ తాతయ్య గడియారం మరమ్మతుకి ఇచ్చావా? ముల్లు తిరుగుతుంది కానీ టిక్కు అనే శబ్దం చచ్చిపోయింది. గంటలూ కొట్టడం మానేసింది. శబ్దం లేని గడియారం పెదవి విప్పని చుట్టంలాంటిది, చూస్తున్నకొద్దీ అనుమానం వస్తుంది.

ఈ ఏడు స్ప్రూస్ చెట్టు మీదికి పిట్టలు కూడా రాలేదు. తలమీద పసుపు గీత ఉండే బొటనవేలంత పిట్టలు, సన్నగా ఈల వేసేవి. వాతావరణం పాడైపోయింది.

మీ అమ్మమ్మ
గున్‌వోర్

*

సాండ్‌వికెన్, బెర్గెన్
నవంబరు 3

కత్తెర అమ్మమ్మకి,

గడువే. సున్నా తీసుకున్నాను. (నీ పేరుకి మా చేతిభాషలో సంజ్ఞ, నోటి దగ్గర రెండువేళ్ళు కత్తెరలా ఆడించడం అని నీకు తెలుసు కదా. ఇక్కడి నా స్నేహితులకి చూపిస్తే, నిన్ను చూడకుండానే భయపడ్డారు.)

వినపడనివాళ్ళకి పరికరాలిచ్చే సాధనాల కేంద్రం నుంచి మనిషి వచ్చి అన్నీ బిగించి వెళ్ళాడు. మునిసిపాలిటీ అరువిచ్చినవే, పైసా లేదు. వంటగదిలో, మెట్ల మీద, పడకగదిలో పొగ పసిగట్టే డబ్బాలు. ఒకటి పసిగడితే మూడూ అరుస్తాయట. ఆ అరుపు నాకెందుకు? అందుకని నడవలో ఒక దీపం తళుక్కుతళుక్కున కొడుతుంది. నా దిండు కింద గుండ్రటి బిళ్ళ ఒకటి పెట్టారు. అది వణికితే మంచం మొత్తం గంతేస్తుంది. దానికి కప్ప అని పేరు పెట్టాను. మొదటి రాత్రి పరీక్షకి నొక్కి చూశాను. అమ్మమ్మా, ప్రేమలో పడ్డప్పుడు కూడా నేనంత ఎత్తు ఎగరలేదు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. అమ్మకి చెప్పనని నీ గొంతు మీద చెయ్యేసుకుని ఒట్టుపెట్టుకో.

మూడోరోజు మధ్యాహ్నం చేప ముద్దలు వేపుతున్నాను. నడవలో దీపం తళుక్కుమంది. వాకిలి గంటకి వెలిగేదీ అదే దీపం. ఎవరో వచ్చారని పరుగెత్తాను. తలుపు తీస్తే వాన తప్ప ఎవరూ లేరు. బెర్గెన్‌లో వానని చుట్టంగా లెక్కపెట్టరు. వచ్చినవాళ్ళు గొడుగు మర్చిపోయి వెనక్కి వెళ్ళుంటారని, తలుపు ఓరగా వేసి, కాఫీ పెట్టాను. రెండు కప్పులు తీశాను. ఏలకుల బిస్కట్లు పళ్ళెంలో సర్దాను. దీపం ఇంకా కొడుతూనే ఉంది. అబ్బ, ఎంత తొందరపాటు మనిషో అనుకున్నాను. జుట్టు కూడా దువ్వుకున్నాను.

వెనక్కి తిరిగితే పెనం మీద ముద్దలు బొగ్గులు. వచ్చిన చుట్టం పొగ! నేను దానికి కాఫీ పెట్టాను!

మర్నాడే ఆ మనిషిని పిలిపించి దీపాలు వేరు చేయించాను. వాకిలికి తెలుపు, పొగకి ఎరుపు. ఇక తికమక లేదు. కానీ అమ్మకి తెలిస్తే ఇల్లు మర్నాడే పత్రికలో అమ్మకానికి పడుతుంది. నాకు ఈ ఇల్లు కావాలి అమ్మమ్మా. ఇక్కడ నేల పలకలు పాతవి. సందులో ఎవరు నడిచినా నా పాదాలకి తెలుస్తుంది. సిమెంటు నాతో మాట్లాడదు.

గడియారం ఇక్కడ గడియారాలు బాగుచేసే ఓస్మున్‌కి ఇచ్చాను. నిన్న వెళ్తే కాగితం మీద రాసి చూపించాడు. "దీనికి ఏ జబ్బూ లేదు. నాకంటే ఆరోగ్యంగా ఉంది." నేనూ దానిమీద అరచేయి ఆనించి చూశాను. టిక్కుటిక్కు చక్కగా తెలుస్తోంది. మరి?

నీ
ఎల్బ్యోర్గ్

*

వింయె
డిసెంబరు 1

ఎల్బ్యోర్గ్‌కి,

పొగకి కాఫీ పెట్టిన మొదటి మనిషివి నువ్వే. బిస్కట్లు కూడా పెట్టావు చూడు, అక్కడ మాత్రం మా వంశం పరువు నిలబెట్టావు. మీ అమ్మకి చెప్పను. అయితే నా గొంతు మీద ఎప్పుడూ చెయ్యేసుకోను, ఉన్నది ఒక్కటే గొంతు, నాకు దానితో ఇంకా చాలా పని ఉంది.

మీ అమ్మని మరీ రాక్షసిని చేయకు. నీకు నాలుగేళ్ళప్పుడు ఆరబెట్టిన చేతితొడుగు ఒకటి పొయ్యి మీద పడి అంటుకుంది. గది నిండా పొగ. గంట మోగుతోంది, మీ నాన్న అరుస్తున్నాడు, కుక్క మొరుగుతోంది. నువ్వు మాత్రం నిద్రలో నవ్వుతున్నావట. మీ అమ్మ నిన్ను దుప్పటితో సహా మంచులోకి మోసుకెళ్ళింది. ఆ నవ్వు తను ఇంతవరకూ మర్చిపోలేదు. నీకు ఇల్లు కావాలంటే నువ్వు గెలవాల్సింది నిప్పుని కాదు, ఆ నవ్వుని.

ఇవాళ డిసెంబరు ఒకటి కదా, దేశమంతా కుర్చీలెక్కి పొగ గంటలకి బాటరీలు మార్చే రోజు. హల్గ్రిమ్ వచ్చాడు. మా పక్క కమతం వాడే, మన లోయకి పొగగొట్టాలు ఊడ్చేదీ వాడే, నిప్పొస్తే మొదట పరుగెత్తే దళంలో ఉన్నదీ వాడే. నా దగ్గర చదివాడు. ధ్వని పాఠంలో రెండుసార్లు తప్పాడు.

జనవరిలో నువ్వు వచ్చినప్పుడు మీ అమ్మ కళ్ళారా చూడాలని, మేడమీద నీ గదిలో దీపమూ ఒక కప్పా పెట్టించాను. అన్నిటినీ వంటింటి డబ్బాతో కలిపాడు. పొగ వస్తే వాడి ఫోనుకి కూడా కబురు వెళ్తుందట. అంతా బాగానే ఉంది కానీ, ఎల్బ్యోర్గ్, సరుకు నాసిరకం. మీట నొక్కి "వినపడుతోందా టీచరమ్మా?" అని చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కగదిలో దోమ పాడినట్టు ఏదో సన్నగా వచ్చింది. బిషప్పు మాత్రం బల్లకింద దూరింది. పిల్లి కదా, దానికి ఏదో వంక కావాలి.

"ఇంతేనా దీని గొంతు?" అన్నాను.

"ఇంతేనా అంటారేంటి టీచరమ్మా! నా పుచ్చిపోయిన పన్ను కూడా అదిరిపోయింది!"

"చెవుల్లో వేళ్ళెందుకు, వెటకారమా?"

వాడు నన్ను వింతగా చూసి, సామాను సర్దుకున్నాడు. ధ్వని పాఠంలో తప్పినవాడు అంతకన్నా ఏం చేస్తాడు.

ఓస్మున్‌కి చీటీ జతపరిచాను, ఇవ్వు. అందులో "అయ్యా, గడియారానికి జబ్బు లేకపోతే తమరి చెవులకి ఉండాలి" అని రాశాను. మర్యాదగానే రాశాను. అయ్యా అన్నాను కదా.

అమ్మమ్మ

*

బెర్గెన్
డిసెంబరు 15

కత్తెర అమ్మమ్మకి,

చీటీ ఇచ్చాను. ఓస్మున్ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, చెవులు తుడుచుకున్నాడు. గడియారం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. "ఆవిడే వచ్చి విని చెప్పమనండి" అని రాసిచ్చాడు.

రోజూ సాధన చేస్తున్నాను. కప్ప గంతేసిన దగ్గర్నించి సందులో అడుగుపెట్టేవరకూ నలభైమూడు సెకన్లు. తలుపుకి వెళ్ళేదారిలో కుర్చీలు తీసేశాను. చెప్పులు ఎప్పుడూ ఒకేచోట. ఎదురింటి ఆవిడ మొదట నన్ను పిచ్చిదనుకుంది, రాత్రి గౌనులో రోజూ వానలోకి దూకుతుంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు. ఇప్పుడు తనే కిటికీలోంచి వేళ్ళతో సెకన్లు చూపిస్తోంది. నిన్న నలభైఒకటి అని చెప్పి చప్పట్లు కొట్టింది, అదీ మా పద్ధతిలో, చేతులు గాల్లో ఆడించి.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నాకు చప్పుళ్ళ సంగతి తెలియదు. కానీ ఇరవైయారేళ్ళుగా వినేవాళ్ళ మొహాలు చూస్తున్నాను, నాకు అదే చదువు. అబద్ధం ఆడేటప్పుడు మనుషులు నోరు కప్పుకుంటారు, ముక్కు గోక్కుంటారు. చెవులు మూసుకుని అబద్ధం ఆడేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. హల్గ్రిమ్ వెటకారం చేయలేదేమో?

పిట్టలు ఇక్కడ బోలెడున్నాయి. పక్కింటి చెట్టుమీద నీ పసుపు గీత వాళ్ళే. ముక్కులు తెరిచి మూస్తున్నారు కాబట్టి పాడుతున్నారనే అనుకుంటున్నాను.

ఎల్బ్యోర్గ్

*

వింయె
జనవరి 9

ఎల్బ్యోర్గ్‌కి,

ఇల్లు నీదైంది. నా వాకిట్లో, మంచులో, మేజోళ్ళతో నిలబడి తాళంచెవి అందుకున్నదానివి మన వంశంలో నువ్వొక్కదానివే. సంతోషం. ఆ సంతోషంలో నిన్న నేను ఒక్కదాన్నీ రెండు గ్లాసుల బీరు తాగాను.

ఇక రెండో సంగతి. మొన్న మధ్యాహ్నం జరిగినదాని గురించి మీ అమ్మ లోయంతా ఏదో చెప్పుకుంటోంది. నిజం ఇది. పొయ్యి పండుగ ఆనవాయితీ ప్రకారం నేను బీరు గిన్నె పట్టుకుని, మా అమ్మ నేర్పిన మాట చెప్పాను: "నా పొయ్యిలో నిప్పూ, నా మోకాలెత్తు ఉండు, నడుము ఎక్కకు, నెత్తికెక్కకు." తాగి, మిగిలిన బీరు నిప్పుమీద చిలకరించి, గిన్నె వెనక్కి విసిరాను. అది నీ కేకు మీద వెల్లకిలా పడింది. వెల్లకిలా పడితే శుభం. తర్వాత నువ్వు కునుకు తీయడానికి మేడెక్కావు, మీ అమ్మ వాకిట్లోకి వెళ్ళింది. నేను కుర్చీలో కూర్చుని ఆలోచించుకుంటున్నాను. కళ్ళు మూసుకున్నాను, నిజమే. ఆలోచనకి కళ్ళతో పనిలేదు. కాస్త పొగ వచ్చింది. నేను లేవబోతుండగా మీ అమ్మ నన్ను పట్టుకుని గోనెసంచిలా ఊపింది.

ఆపైన నిన్న నా తపాలా పెట్టెలో ఒక వృద్ధాశ్రమం కరపత్రం కనిపించింది. "సాయంసంధ్య నివాసం." అట్టమీద ఊదారంగు తెరలు, వాటి ముందు పళ్ళన్నీ ఉన్న ముసలమ్మ నవ్వు. వెనకాల మీ అమ్మ చేతిరాత: "అమ్మా, గంట నీ నెత్తిమీదే మోగింది."

కాబట్టి నువ్వు మీ అమ్మకి ఒక్క వాక్యం రాయి. "అమ్మమ్మ మేలుకునే ఉంది, నేను చూశాను" అని. పొగకి కాఫీ పెట్టిన సంగతి నేను కడుపులో దాచుకోలేదూ? నేను ఈ ఇంట్లో పుట్టాను. ఊదా తెరల వెనక చావను.

అమ్మమ్మ

*

బెర్గెన్
జనవరి 14

అమ్మమ్మకి,

రాయను.

కాగితం నలిపేయకు, పూర్తిగా చదువు. నువ్వు చూడని భాగం నేను చూశాను కాబట్టి నేనే చెప్పాలి. నువ్వే అంటావుగా, ప్రయోగంలో జరిగింది రాయాలి, జరగాల్సింది కాదు అని.

నువ్వు బీరు చిలకరించలేదు. సగం గిన్నె గుమ్మరించావు. ఆ తడి నిప్పుమీద పచ్చి బర్చ్ చెట్టు దుంగ వేశావు. వేడి పోకుండా పొగగొట్టం పలక మూసేశావు. నేను మెట్ల మీంచి చూశాను, మా అమ్మమ్మకి తెలియనిదా అని ఊరుకున్నాను. అది నా తప్పు.

నేను మేడమీద పడుకున్నాను. కలలో గుర్రం మీద వెళ్తున్నాను. గుర్రం పిచ్చెత్తినట్టు ఎగిరింది. కళ్ళు తెరిస్తే గోడలన్నీ ఎర్రెర్రగా తళుక్కుమంటున్నాయి. కప్ప! లేచాను. తలుపు మీద చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు. మెట్ల మీద బిషప్పు ఎదురొస్తే చంకలో వేసుకున్నాను. వెనక తలుపులోంచి మంచులోకి. ముప్పైఎనిమిది సెకన్లు అమ్మమ్మా! ఎదురింటి ఆవిడ ఉండుంటే పతకం ఇచ్చేది.

అమ్మ వాకిట్లో కారు మీది మంచు దులుపుతోంది. గంట విని చీపురు పారేసి ఇంట్లోకి పరుగెత్తబోయి, ఇంటిని చుట్టి వచ్చిన నన్ను చూసి ఆగిపోయింది. మేజోళ్ళతో నేను, నా చంకలో పిల్లి. అమ్మ నన్ను తడిమి తడిమి చూసింది. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో కుక్కింది. సంజ్ఞ చేసింది: "నువ్వు ముందొచ్చావు. నాకంటే నువ్వే ముందొచ్చావు." ఏడుస్తూ నవ్వింది. నేనూ అంతే. ఇద్దరం గెంతాం. పిల్లి నా మెడ గీరింది.

అప్పుడు అమ్మ చెయ్యి గాల్లో ఆగింది. "అమ్మమ్మ ఏది?"

ఫోనుకి కబురు అందిన హల్గ్రిమ్ అప్పటికే ట్రాక్టరు మీంచి దూకాడు. మెడలో భోజనం తువ్వాలు అలాగే ఉంది. ముగ్గురం లోపలికి వెళ్ళాం. (నన్ను రావద్దన్నారు. వినపడలేదన్నాను.) పొగ, పైనుంచి వేలాడే దీపం దాకా దిగింది. నువ్వు కుర్చీలో, మొహం మీద పత్రిక, గంటకి సరిగ్గా కింద. నీ ఊపిరికి పత్రిక లేచిపడుతోంది. హల్గ్రిమ్ ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేత్తో పలక తెరిచాడు. అమ్మ నిన్ను ఊపింది. తర్వాతి మాటలు నేను పెదాల మీద చదివాను, అర్థంకానివి హల్గ్రిమ్ రాసిచ్చాడు.

"అమ్మా! లే! అమ్మా!"

నువ్వు పత్రిక తీసి అన్నావు: "ఎందుకా అరుపు, నాకేం చెవుడా?"

గంట అప్పుడూ మోగుతూనే ఉందట.

"కాఫీ ఎవరు మాడ్చారు?" అన్నావు.

"టీచరమ్మా, పొయ్యికి బీరు తాగించి నోరు మూస్తే దగ్గదూ మరి!" అన్నాడు హల్గ్రిమ్. అమ్మకి నవ్వాగలేదు. నేను నేలమీద కూర్చుండిపోయాను నవ్వలేక. చెవిటిదాని ముందు శంఖం అంటారే, అమ్మమ్మా, ఆ రోజు ఇంట్లో చెవిటిది నేను కాదు!

తర్వాత కాఫీ దగ్గర హల్గ్రిమ్ నా పక్కన కూర్చుని కాగితం మీద ఇంకో ముక్క రాశాడు. "ఇంకో పావుగంట అయితే" అని. అక్కడ ఆపి, కొట్టేసి, జేబులో పెట్టుకున్నాడు. అదొక్కటీ నవ్వొచ్చే సంగతి కాదు.

నువ్వు ఆ ఇల్లు విడిచిపెట్టకూడదనే నేనూ అంటాను. నీకు వినపడుతుందని అబద్ధమాడి దాన్ని నిలబెట్టలేం. నేను ఎలా నిలబెట్టుకున్నానో అలా నిలబెట్టుకో. మేడమీద నా దిండు కింది కప్పని కిందికి తెచ్చి నీ దిండు కింద పెట్టుకో. హల్గ్రిమ్ వచ్చి దీపం బిగిస్తాడు, అడిగాను. చెవుల పరీక్షకి షీన్ ఆసుపత్రికి వెళ్ళు. ఇది జరిగితే కరపత్రం వెనక్కి తీసుకునేలా అమ్మని నేను ఒప్పిస్తాను. గడువు కాదు. ఒప్పిస్తాను.

చేప ముద్దల సంగతి కూడా ఇవాళే నేనే అమ్మకి రాసేశాను. ఇక నీ దగ్గర నా మీద ఆయుధం ఏదీ లేదు.

నీ ఎల్బ్యోర్గ్

*

వింయె
మార్చి 8

ఎల్బ్యోర్గ్‌కి,

నీ ఉత్తరంలో ఒక పొరపాటు. సగం గిన్నె కాదు, ముప్పాతిక. రాస్తే సరిగ్గా రాయి.

ఏడు వారాలు నీకు రాయలేదు, గమనించావనుకుంటాను. మొదటి వారం కోపం. రెండో వారం కోపం చల్లారింది కానీ చెప్పడానికి మనసొప్పలేదు. మూడో వారం షీన్‌లో ఉన్నాను. మిగతావి కింద రాస్తున్న పనులకి సరిపోయాయి.

అక్కడ చెవి డాక్టరమ్మ నన్ను గాజు పెట్టెలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. నేను బుద్ధిగా నొక్కాను. కాసేపటికి అంతా నిశ్శబ్దం. "మీ యంత్రం ఆగిపోయింది" అన్నాను. "ఆగలేదండి" అంది, ఎంతో మెత్తగా. అలా మెత్తగా చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. గీత గీసి చూపించింది. లావు చప్పుళ్ళ దగ్గర గీత చదునుగా ఉంది, సన్నవాటి దగ్గరకొచ్చేసరికి కొండ మీంచి పడ్డట్టు పడిపోయింది. పొగ గంట అరిచేది సరిగ్గా ఆ లోయలో. మనుషుల మాటలు చాలావరకు గట్టుమీదే ఉన్నాయి, అందుకే నాకు అనుమానం రాలేదు. ముసలి చెవికి ముందు పోయేవి సన్న ధ్వనులే అని ముప్పైనాలుగేళ్ళు నేనే పాఠం చెప్పాను. హల్గ్రిమ్‌ని ఆ పాఠంలోనే రెండుసార్లు తప్పించాను. వాడికి ఉత్తరం రాసి రెండుసార్లూ మార్కులు సరిచేశాను. వాడు దాన్ని పటం కట్టించాడట.

కప్ప నా దిండు కింద ఉంది. మొదటి పరీక్షనాడు ఆ దిండు మీద బిషప్పు నిద్రపోతోంది. పిల్లి పైకప్పుకి తగలడం నేను చూడటం అదే మొదటిసారి. రెండురోజులు నా మొహం చూడలేదు. నాకు మాత్రం ఎంత నవ్వొచ్చిందంటే, హల్గ్రిమ్ నీళ్ళు తెచ్చిచ్చాడు.

మీ అమ్మ సెకన్లు లెక్కపెడతానని చేతిగడియారంతో వచ్చింది. నాకు యాభైరెండు సెకన్లు పట్టింది. "ఎల్బ్యోర్గ్ నీకంటే పద్నాలుగు సెకన్లు ముందు" అంది. అందులో తొమ్మిది సెకన్లు కట్టుడు పళ్ళవి, అవి లెక్కలోకి రావని వాదించాను. "పళ్ళు లేకుండా రా అమ్మా, నిప్పు నిన్ను చూసి నవ్వదు" అంది. మొత్తానికి నా నోరు దానికి వచ్చింది, ఆలస్యంగా. కరపత్రం వెనక్కి తీసుకోబోయింది. ఇవ్వలేదు. ఊదా తెరలతో పొయ్యి రాజేశాను. పలక తెరిచే.

ఇప్పుడు నా చెవుల్లో రెండు చిన్న యంత్రాలున్నాయి. పెట్టుకున్న మొదటి పొద్దున వాకిట్లోకి వెళ్ళాను. స్ప్రూస్ చెట్టు నిండా సూదులు రాలుతున్నట్టు సన్నటి ఈలలు. అవే, పసుపు గీత వాళ్ళు. ఎన్నాళ్ళుగా అక్కడే ఉన్నారో. వాతావరణాన్ని తిట్టినదంతా వెనక్కి తీసుకుంటున్నాను. మంచులో అరగంట నిలబడ్డాను, జలుబు చేసింది.

నువ్వు ఎప్పుడూ వినని ఈలలు అవి. నేను విన్నానని నీకు రాయడం తప్పో ఒప్పో తెలియక ఆ వాక్యం రెండుసార్లు కొట్టేశాను. తర్వాత అనుకున్నాను, ముక్కులు తెరిచి మూస్తున్నారు కాబట్టి పాడుతున్నారు అని నువ్వు డిసెంబరులోనే రాశావు. నాకంటే మూడు నెలలు ముందు విన్నది నువ్వే.

ఈస్టరుకి వస్తున్నావు కదా, ఒక చిన్న పని. ఓస్మున్ దగ్గరికి వెళ్ళు. నేను పంపుతున్న పొట్లంలో పన్నెండు లెఫ్సె రొట్టెలున్నాయి, వెన్న రాసి మడిచినవి, అవి అతనికి ఇవ్వు. దారిలో తినకు. "చెవుల సంగతి ఆవిడ సరిచూసుకుంది, మీవి కావు" అని కాగితం మీద రాసి చూపించు. గడియారం తీసుకో. బస్సెక్కే ముందు కీ ఎనిమిది చుట్లు తిప్పు, తొమ్మిదోది తిప్పితే స్ప్రింగు తెగుతుంది. సామాను అరలో పెట్టకు. ఉన్ని శాలువాలో చుట్టి ఒళ్ళో నిటారుగా పెట్టుకో. హౌకెలి కొండ మలుపుల్లో అరచేయి దానిమీదే ఉంచు, ఆగిపోతే నీకే ముందు తెలుస్తుంది. ఓమోట్‌లో బస్సు దిగాక శాలువా విప్పేయి, గడియారాన్ని వీపు వెనక పట్టుకో. నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉంటాను. నాతో ఏమీ చెప్పకు. అది నడుస్తోందో లేదో నేనే చెబుతాను.